అమెరికాలో క్యాటలిటిక్ కట్టెల స్టవ్: బైపాస్ ఎప్పుడు మూయాలి, వేడి ఎంత ఉండాలి?

దేవరకొండ అన్నా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఈ చలికాలం వెర్మాంట్‌లో ఉన్న మీ కూతురి దగ్గరికి వెళ్తున్నారు. వాళ్ళింట్లో క్యాటలిటిక్ కట్టెల స్టవ్ ఉంది, అల్లుడు ఆఫీసుకు పోయాక దాన్ని చూసుకోవాల్సింది మీరే. గాలి తగ్గించి మంట చిన్నది చేస్తే థర్మామీటర్ ముల్లు దిగకుండా పైకి పోతోందని కూతురు ఫోన్‌లో చెప్పింది. ఇదేం విడ్డూరం, అసలు వేడి ఎంత దగ్గర ఉంచాలి అని అడిగారు.

నేను మిర్యాలగూడలో బాయిల్డ్ రైస్ మిల్లులో ఊక బాయిలర్ మీద పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఉండేది న్యూ హాంప్‌షైర్‌లో. చలికాలం అక్కడ ఉన్నప్పుడల్లా ఆ ఇంటి స్టవ్ నా చేతికే వస్తుంది. అది కూడా క్యాటలిటిక్ స్టవ్వే కాబట్టి చెబుతున్నాను.

ముందు మీ అమ్మాయి చూసిన విడ్డూరం సంగతి. అది అర్థమైతే మిగతాదంతా సులువు.

కట్టె వేడెక్కితే మొదట తడి ఆవిరైపోతుంది, తర్వాత గ్యాసులు, తారు ఆవిర్లు బయటికి వస్తాయి. అవి గాలితో కలిసి అంటుకుంటే మంట, అంటుకోకుండా పైకి పోతే పొగ. అంటే పొగ కూడా ఇంధనమే, కాలకుండా పోయిన ఇంధనం. అది మామూలుగా పూర్తిగా కాలాలంటే సుమారు 1,000 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన వేడి కావాలి, మన లెక్కలో 540 సెల్సియస్ పైన. మామూలు స్టవ్‌లో సన్నమంట మీద అంత వేడి ఉండదు. అందుకే పొగ చిమ్నీ ఎక్కి, లోపల జిడ్డు మసిగా పేరుకుంటుంది.

క్యాటలిటిక్ స్టవ్‌లో పొగ బయటికి పోయే దారికి అడ్డంగా ఒక దిమ్మ ఉంటుంది, దాన్నే క్యాటలిస్ట్ అంటారు. సిరామిక్‌దో స్టీలుదో, తేనెపట్టు లాగా సన్నటి రంధ్రాలతో ఉంటుంది. ఆ రంధ్రాల లోపలి గోడలకు ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాల పూత. ఆ పూత తగిలితే అదే పొగ 500 ఫారెన్‌హీట్, అంటే 260 సెల్సియస్ దగ్గరే కాలడం మొదలుపెడుతుంది. ఇప్పటి కార్లు, బైకుల సైలెన్సర్లలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది.

ఇప్పుడు మీరు గాలి తగ్గించారనుకోండి. మంట చిన్నబడుతుంది. కానీ కట్టె ఇంకా వేడిగానే ఉంది, గ్యాసు వదులుతూనే ఉంటుంది. ఇంతసేపూ మంటలో కాలిపోయిన ఆ గ్యాసు ఇప్పుడు కాలకుండా నేరుగా క్యాటలిస్ట్‌కు చేరుతుంది. దానికి మేత పెరిగింది కాబట్టి ముల్లు లేస్తుంది. మిల్లులో డ్యాంపర్, అంటే గాలి తలుపు, మూస్తే ప్రెషర్ ముల్లు దిగడమే చూసినవాణ్ణి, ఇది నాకూ మొదట తలకెక్కలేదు. స్టవ్ బాగానే ఉంది, మీ అమ్మాయిని టెన్షన్ పడొద్దనండి. కట్టెల పొయ్యి మీద వండి పెరిగినవాళ్ళం కదా, మన కళ్ళు మంట మీదికే పోతాయి. ఈ స్టవ్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. అద్దంలో మంట దాదాపు కనిపించకుండా కట్టె ఎర్రగా కనకనలాడుతూ ఉన్నప్పుడే ఇది బాగా పనిచేస్తూ ఉండొచ్చు.

అయితే ఇదంతా క్యాటలిస్ట్ ఒకసారి రాజుకున్నాక మాట. అసలు పని దాన్ని రాజేయడంలోనే ఉంది.

స్టవ్‌కు రెండు మీటలు ఉంటాయి. ఒకటి గాలిది. ఇంకోటి బైపాస్: అది తెరిస్తే పొగ నేరుగా చిమ్నీలోకి పోతుంది, మూస్తే క్యాటలిస్ట్ గుండా పోతుంది. వెలిగించేటప్పుడు రెండూ పూర్తిగా తెరవాలి. సన్న పుల్లలతో మొదలుపెట్టి, అవి బాగా అంటుకున్నాక నడిమి లావు పేళ్ళు వేసి, మంటను ధారాళంగా మండనివ్వండి. క్యాటలిస్ట్ వేడి చూడటానికి లోపలికి గుచ్చి పెట్టే కడ్డీ థర్మామీటర్ ఉంటుంది, దాన్ని ప్రోబ్ అంటారు. అది 500 ఫారెన్‌హీట్ దాటేవరకు బైపాస్ జోలికి పోవద్దు. కొన్ని థర్మామీటర్ల మీద అంకెలుండవు, పనిచేసే భాగాన్ని గీత గీసి చూపిస్తారు. ముల్లు ఆ గీత దాటాలి. ముల్లు అసలు వేడి కంటే కాస్త వెనకబడి కదులుతుంది కాబట్టి, గీత తాకగానే మూయకుండా ఇంకొంచెం ఆగడం మంచిది. కట్టెల పైభాగం నల్లగా మాడి, మంట నిలకడగా ఉండాలి.

తొందరపడి చల్లటి క్యాటలిస్ట్ మీద బైపాస్ మూస్తే పొగ కాలదు. ఆ సన్న రంధ్రాల్లో మసి, తారు చేరి మూసుకుపోతాయి, దారి లేని పొగ ఇంట్లోకి వస్తుంది. ఇంట్లో పొగ అలారం మోగిందా, పక్కింటివాళ్ళు కూడా తలుపు తీసి చూస్తారు.

బైపాస్ మూశాక గాలిని వెంటనే తగ్గించకండి. కొన్ని నిమిషాలు అలాగే వదిలేస్తే ముల్లు దానంతట అదే ఎక్కడం మొదలుపెడుతుంది. అప్పుడు గాలి కొంచెం తగ్గించి ఆగి చూడండి, మళ్ళీ కొంచెం తగ్గించండి. ఒక్క ఊపున కిందికి దించడం మనవాళ్ళకు బాగా అలవాటైన పొరపాటు, ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినట్టు తిప్పేస్తారు. ఈ స్టవ్‌లో ఏ మార్పుకైనా ఫలితం కనబడటానికి టైమ్ పడుతుంది. మీరు ఇప్పుడు తిప్పినదానికి ముల్లు పావుగంట తర్వాత జవాబు చెబుతుంది.

ఇక అంకెలు. ప్రోబ్ మీద 500 నుంచి 1,400 ఫారెన్‌హీట్ మధ్య ఎక్కడున్నా క్యాటలిస్ట్ పనిచేస్తున్నట్టే. నాకైతే 700 నుంచి 1,100 మధ్య ఉంటే మనసు నిమ్మళం. కట్టె నిండా వేసిన కొత్తలో 1,300 దాకా పోయి, తర్వాత దిగి నిలకడ పడటం మామూలే. 1,600 దాటిందంటే మాత్రం, అంటే 870 సెల్సియస్, ప్లాటినం పూత దెబ్బతినడం మొదలవుతుంది. ఒక్కసారికి పోదు గానీ మాటిమాటికీ అట్లా అయితే క్యాటలిస్ట్ ఆయుష్షు తగ్గుతుంది. క్యాటలిస్ట్ ఎర్రగా మెరవడం లేదని కూడా కంగారు పడొద్దు. సుమారు 1,000 దాటితేనే ఆ ఎరుపు కంటికి కనిపిస్తుంది, అంతకన్నా తక్కువలో చీకటిగా ఉండి కూడా పని చేస్తుంది.

ఇంకొక సంగతి. కొందరు స్టవ్ పైన అయస్కాంతంతో అంటుకునే థర్మామీటర్ పెడతారు. అది రేకు వేడి చెబుతుంది, క్యాటలిస్ట్ వేడి కాదు. నేను పైన ఇచ్చిన అంకెలన్నీ ప్రోబ్‌వి. మీ అల్లుడి దగ్గర ఏది ఉందో కనుక్కోండి, లేకపోతే మనం చెప్పుకున్నదంతా అడ్డదిడ్డం అవుతుంది.

మరీ వేడెక్కేది ఎప్పుడు? నాకు తెలిసి ఎక్కువసార్లు ఒకే తీరుగా జరుగుతుంది. అడుగున నిప్పులు నిండుగా ఉంటాయి. వాటి మీద బాగా ఎండిన సన్న పేళ్ళు నిండా పేర్చి, వెంటనే గాలి తగ్గించేస్తారు. అన్ని పేళ్ళూ ఒకేసారి గ్యాసు వదులుతాయి, అంతా క్యాటలిస్ట్ మీద పడుతుంది. అందుకే రాత్రికి వేసే కట్టె లావుగా ఉండాలి. సన్నవి వెలిగించడానికి, లావువి నిలపడానికి. అట్లా ఎక్కినప్పుడు తలుపు మాత్రం తీయొద్దు, ఒక్కసారిగా గాలి లోపలికి పోయి మంట ఇంకా పెద్దదవుతుంది. గాలిని కొద్దిగా పెంచితే పొగ మంటలోనే కాలి క్యాటలిస్ట్ మీద భారం తగ్గే స్టవ్‌లు ఉన్నాయి. కొన్ని కంపెనీలు వేరే పద్ధతి చెబుతాయి. అది మోడల్‌ను బట్టి ఉంటుంది కాబట్టి, మీరు దిగిన మొదటి రోజే అల్లుణ్ణి కూర్చోబెట్టి మాన్యువల్‌లో ఆ పేజీ చదివించుకోండి.

కట్టె గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. వేడి అదుపులో లేదని వచ్చే ఫిర్యాదుల్లో సగం నిజానికి తడి కట్టె గురించే అని నా నమ్మకం. మన నల్గొండ ఎండకు సర్కారు తుమ్మ కొట్టి పడేస్తే ఒక్క వేసవిలో ఖణేల్‌మంటుంది. అక్కడ ఎండకు అంత బలం లేదు. అక్కడి ఓక్ కట్టె చీల్చి పేర్చి రెండేళ్ళు ఆరబెట్టాలంటారు, యాష్ అనే చెట్టు కట్టె కొంచెం త్వరగా ఆరుతుంది. ఎండిన కట్టె అని అమ్మేవాడు చెప్పినా నమ్మొద్దు. తేమ చూసే చిన్న మీటర్ దొరుకుతుంది. కట్టెను అప్పటికప్పుడు చీల్చి, కొత్తగా తేలిన ముఖం మీద గుచ్చి చూడాలి. పైన గుచ్చితే అబద్ధం చెబుతుంది. 20 శాతం లోపు ఉండాలి. మిల్లులో తడిసిన ఊక వచ్చిన రోజు మేం పడే తిప్పలే ఇక్కడా: వేడి అంతా నీళ్ళను ఆవిరి చేయడానికే పోతుంది, ముల్లు 500 దాటనే దాటదు. మంచు అంటుకున్న కట్టెను నేరుగా తెచ్చి వేయడం ఇంకా చెడ్డది. బాగా కాలి ఉన్న సిరామిక్ దిమ్మకు ఆ చల్లటి ఆవిరి తగిలితే పగుళ్ళు వస్తాయి. రేపటి కట్టె ఇవాళే లోపలికి తెచ్చి పెట్టుకోండి, స్టవ్‌కు మాత్రం దూరంగా.

మళ్ళీ కట్టె వేసేటప్పుడు ముందు బైపాస్ తెరిచి, కాసేపాగి, తలుపును సందు చేసి, తర్వాత మెల్లగా తీయండి. బైపాస్ మూసి ఉండగా తలుపు తీస్తే పొగంతా మీ మొహానికే. కట్టె వేశాక ముల్లు ఇంకా 500 పైనే ఉంటే, కొత్త కట్టె అంటుకోగానే మూసేయొచ్చు. కిందికి దిగి ఉంటే మళ్ళీ మొదటి నుంచి వేడి ఎక్కించాలి. చివర్లో నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు ముల్లు దిగిపోతుంది, అది లోపం కాదు. నిప్పుల్లో పొగ ఉండదు, క్యాటలిస్ట్‌కు మేత లేదు. గాలి కాస్త పెంచి, నిప్పుల్ని ముందుకు లాగి కాలనివ్వండి. ఇల్లు చల్లబడుతోందని నిప్పుల గుట్ట మీద ఇంకా కట్టె వేస్తూ పోతే పొయ్యి నిండా నిప్పులే మిగులుతాయి.

మనవాళ్ళ ఇళ్ళలో గమనించాల్సిన సమస్య ఒకటుంది. అక్కడ ఇళ్ళు గాలి చొరకుండా బిగించి కడతారు. వంటింట్లో ఎండుమిర్చి పోపు వేస్తూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఫుల్లుగా పెడతాం. అది ఇంట్లో గాలిని బయటికి తోడేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి చిమ్నీలోంచి గాలి వెనక్కి దిగుతుంది. అదే సమయానికి స్టవ్ తలుపు తీశారో, హాలంతా పొగ. మా కోడలు పోపు పెట్టే ముందు ఇప్పుడు నన్ను అడుగుతుంది. తప్పనిసరైతే దగ్గరలో ఒక కిటికీ కొంచెం తీసి పెట్టండి.

అదే గాలి మీటను అదే గీత మీద పెట్టినా ఒక్కోరోజు ఒక్కోలా మండటానికి బయటి వాతావరణం కారణం. బయట సున్నాకి చాలా కింద ఉంటే చిమ్నీ గట్టిగా లాగుతుంది, మంట పెద్దది. వెచ్చగా ఉన్న రోజు లాగదు, క్యాటలిస్ట్ రాజుకోవడం కూడా ఆలస్యమవుతుంది. అందుకే నిన్నటి సెట్టింగ్‌ను గుడ్డిగా నమ్మొద్దు.

అంతా సరిగ్గా ఉందా లేదా తెలుసుకోవడానికి నేను చేసేది ఒకటే: కోటు వేసుకుని బయటికి పోయి చిమ్నీ చూస్తాను. బైపాస్ మూసి ముల్లు నిలబడ్డాక పొగ దాదాపు కనబడకూడదు. చలికి తెల్లటి ఆవిరి రావొచ్చు, అది కొంచెం దూరంలోనే మాయమవుతుంది. తోకలాగా సాగుతూ పోయి వాసన వస్తే అది పొగ. ముల్లు బాగానే ఉన్నా పొగ వస్తుంటే క్యాటలిస్ట్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా అరిగిపోయి ఉండొచ్చు. పూర్తిగా చల్లారాక మెత్తటి బ్రష్‌తో బూడిద దులపొచ్చు. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు, పూత లేచిపోతుంది.

చెత్త కాల్చే అలవాటు ఉంటే ఇక్కడే వదిలేసి విమానం ఎక్కండి. పాల ప్యాకెట్లు, రంగు కాగితాలు, పెయింట్ వేసిన చెక్క, ప్లైవుడ్ ఏవీ అందులో పడకూడదు. వాటిలోని సీసం, జింక్, గంధకం లాంటివి ప్లాటినం పూతను పనికిరాకుండా చేస్తాయి. కిరోసిన్ ఊసే వద్దు. బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో పోసి ఇంటి బయట పెట్టాలి. పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది. చెట్లకు మంచిదని మా ఆవిడ అడిగినా వెంటనే ఇవ్వను.

మీరు బయల్దేరే లోపు అల్లుణ్ణి అడగాల్సినవి: క్యాటలిస్ట్ ఎన్నేళ్ళది, ఈ ఏడాది చిమ్నీ శుభ్రం చేయించారా, థర్మామీటర్ ప్రోబా కాదా, కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ మార్చారా. స్టవ్ మోడల్ పేరు కూడా కనుక్కుని ఇక్కడ రాస్తే బైపాస్ మీట ఎటు తిప్పితే మూసుకుంటుందో చెప్పగలను. కొన్నింటిలో అది మనం అనుకునే దిక్కుకు వ్యతిరేకంగా ఉంటుంది.