పెట్టపిల్ల ఉన్నట్టుండి చనిపోతే

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

మూడు నెలల పెట్టపిల్ల నిన్న సాయంత్రం నూకలు బాగానే తిన్నదనీ, తెల్లారి గూడు తెరిస్తే చనిపోయి ఉందనీ, ఒంటిమీద చిన్న గాటు కూడా లేదనీ రాశావు. ఎందుకు పోయిందని అడిగావు. దానికి జవాబు దొరికితే మంచిదే, దొరక్కపోయినా ఆశ్చర్యం లేదు. మిగిలిన పదకొండూ ఎలా ఉన్నాయో మాత్రం ఒక్క మాటైనా రాయలేదు. ఇవాళ నీ పనంతా వాటితోనే.

ముందుగా, పక్కింటివాళ్లు ఇచ్చారని నీళ్లలో కలిపిన ఆ యాంటీబయాటిక్ పొడిని పారబోసి, గిన్నెలు కడిగి, మంచినీళ్లు పెట్టు. కోళ్లను గుంపుగా చంపే కొక్కెర తెగులు (రాణీఖేత్) వైరస్ వల్ల వస్తుంది, దానిమీద ఆ పొడి పనిచేయదు. పేగుల్లో నెత్తురు పడే రక్తపారుడుకు (కాక్సిడియోసిస్) వాడే మందు వేరు. విషం తిన్న కోడికి ఇవేవీ పనికిరావు. పైగా గుడ్లు పెట్టే కోళ్లు ఆ నీళ్లు తాగితే మందు గుడ్లలోకీ చేరుతుంది. తెలియని జబ్బుకు తెలియని మందు వేయడమంటే నాకు చెప్పలేనంత చిరాకు.

అలాగే కనీసం రెండు వారాలు ఒక్క కోడినీ అమ్మవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు, కొత్తవాటిని తేవద్దు. ఒకటి రెండు చావగానే మిగిలినవాటిని సంతకు తోలేసి డబ్బు చేసుకునే పాడు అలవాటు మన ఊళ్లలో ఉంది. తెగులు ఊరి నుంచి ఊరికి ప్రయాణం చేసేది ఆ గంపల్లోనే.

ఇప్పుడు బతికున్నవాటిని చూడు. దగ్గరికి వెళ్లకు, నిన్ను చూస్తే జబ్బుకోడి కూడా ఓపిక తెచ్చుకుని లేచి నిలబడుతుంది. దూరంగా కూర్చుని, మేత వేసినప్పుడు ఏది ముందు పరుగెత్తుతోందో, ఏది వెనకబడుతోందో గమనించు. రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించి, కళ్లు మూసుకుని ఒక మూల నిలబడ్డది ఉంటే దాన్ని వెంటనే వేరే గంప కింద పెట్టు. రాత్రి అవి గూట్లో కుదురుకున్నాక ఒకసారి వెళ్లి చెవి ఒగ్గి విను. గురగుర, దగ్గు, నోరు తెరిచి ఎగబీల్చడం వినిపిస్తే అది శ్వాసకు సంబంధించిన జబ్బు. పొద్దున్నే గూటి కింద రెట్టలు చూడు. గట్టిగా ఉండి పైన తెల్లటి పూత ఉంటే ఆరోగ్యం. మధ్యలో గోధుమరంగు జిగట రెట్ట ఒకటి రెండు కనిపించినా కంగారు పడకు, అదీ మామూలే. ఆకుపచ్చగా నీళ్లలా పడితే కొక్కెర తెగులును అనుమానించాలి. నెత్తురు కలిస్తే రక్తపారుడును.

ఈ వానల్లో నాకు మొదటి అనుమానం ఆ రక్తపారుడు మీదే. మూడు వారాల నుంచి రెండు మూడు నెలల వయసు పిల్లలకు ఇది ఎక్కువ. దాని క్రిములు రెట్టలో బయటపడి, తేమా వెచ్చదనమూ దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటించే శక్తి తెచ్చుకుంటాయి. తడిసిన ఊకలో గింజలు ఏరుకునే పిల్ల వాటినీ మింగుతుంది. ఒక్కోసారి రెట్టలో నెత్తురు పడకముందే పిల్ల చనిపోతుంది, కోసి చూస్తే పేగు చివర ఉండే రెండు గొట్టాలు నెత్తురుతో నిండి ఉంటాయి. దీనికి ఆంప్రోలియం అనే మందు ఉంది, డాక్టరు చెప్పిన మోతాదులో నీళ్లలో కలిపి ఇస్తారు. నిర్ధారణ అయ్యాకే.

అందుకే ఆ పిల్లను పూడ్చేయకుండా కోయించి చూడమంటాను. గంప కింద నీడలో ఉంచానన్నావు. ఈ ఉక్కలో కొన్ని గంటల్లోనే లోపల కుళ్లు మొదలవుతుంది, ఆ తర్వాత కోసినా ఏమీ తేలదు. చేతులకు ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, దాన్ని రెండు కవర్లలో మూటకట్టు. థర్మకోల్ పెట్టెలో ఐసు ముక్కల మధ్య ఉంచి ఇవాళే పశువైద్యశాలకు తీసుకెళ్లు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకు, గడ్డకడితే లోపలి భాగాలు చెడి పరీక్షకు పనికిరావు. ఎటు వెళ్లాలో తెలియకపోతే పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోను చెయ్యి. నువ్వే కత్తి పట్టి కోసే సాహసం వద్దు, ఎందుకో తర్వాత చెబుతాను.

మూట కట్టేముందు పైపైన చూడవలసినవి కొన్ని ఉన్నాయి. రొమ్ము ఎముక మీద వేలు పెట్టు. కత్తి అంచులా తగిలితే అది చాలాకాలంగా చిక్కిపోతున్నదన్నమాట, ఉన్నట్టుండి చావడం నీ కంటికే గాని దానికి కాదు. నులిపురుగులు పేగునిండా పట్టినా అలాగే అవుతుంది. కండ నిండుగా ఉంటే నిజంగానే హఠాత్తుగా పోయింది. మెడ కింద మేతసంచి నొక్కు. రాయిలా ఉంటే గడ్డిపోచలో, దారమో ఇరుక్కుని ఉండవచ్చు. నిండుగా ఉండి, నోటివెంట జొల్లు కారి ఉంటే విషం కావచ్చు. వరిచేలలో చల్లే పురుగుమందు గుళికలు కోడి కంటికి గింజల్లాగే కనబడతాయి, మందు పట్టించిన విత్తనాలూ అంతే. ఎలుకల మందు తిన్న కోడి నోటి దగ్గర వెల్లుల్లి లాంటి వాసన రావచ్చు. మీ వెనకాల చేలో ఈ వారం ఎవరైనా గుళికలు చల్లారేమో కనుక్కో. కాళ్లు, రెక్కల కింద చర్మం ఈకలు తొలగించి చూడు. నల్లగా కమిలి వాచిన చోటు ఉంటే పాము పని కావచ్చు. ముంగిసో పిల్లియో అయితే మెడ మీద గాటు దాచినా దాగదు. ఏ గుర్తూ లేకుండా, మూలకు నక్కి పడి ఉంటే, రాత్రి వానకు కోళ్లన్నీ ఒకదానిమీద ఒకటి పడి చిన్నదానికి ఊపిరాడకపోయి ఉండవచ్చు. మీ గూడు పన్నెండింటికి ఇరుకేనని నాకు అనిపిస్తూనే ఉంది.

ఇక బర్డ్ ఫ్లూ మాట. ఒక్క పిల్ల చావగానే దాన్ని తలచుకుని బెంబేలెత్తనక్కరలేదు. అయితే 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో ఆ వైరస్ ఉన్నట్టు భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల తేల్చిన సంగతి మరచిపోకు. కోసే సాహసం వద్దన్నది ఇందుకే. చనిపోయిన కోడిని ఎవరూ తినకూడదు, కూర వండినా సరే, కుక్కకు వేసినా సరే. బాగా ఉడికిస్తే వైరస్ చస్తుంది, కానీ ఈకలు పీకి శుభ్రం చేసేటప్పుడే అది మనిషికి అంటేది. ఇంట్లో చిన్నపిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకు.

లెక్క ఒకటి గుర్తుపెట్టుకో. ఒకటి పోయి, వారం రోజులు మిగిలినవి చలాకీగా తిరిగితే అది ఆ పిల్ల ఒక్కదాని సమస్య. అక్కడితో వదిలెయ్యి. రెండు మూడు రోజుల్లో రెండోది పోతే అది మంద సమస్య, ఆ గంటే పశువైద్యుడికి చెప్పు. ఒకే పూట నాలుగైదు పడిపోతేనో, ఊళ్లో కాకులూ బాతులూ కూడా చస్తున్నాయనో వింటే, నువ్వు వాటిని ముట్టుకోకుండా కబురు పెట్టు.

పరీక్ష అయ్యాక కళేబరాన్ని వాళ్లే చూసుకుంటారు. నీకే తిరిగి ఇస్తే బావికి దూరంగా మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చు. కాలువలో వేయడం మాత్రం దుర్మార్గం. గూట్లో ఊకంతా ఎత్తి తగలబెట్టి, నేల ఆరనిచ్చి, సున్నం చల్లి పొడి ఊక పరువు. వాన జల్లు పడే వైపు గోనె పట్టా కట్టు. బూజు పట్టిన వేరుశనగ చెక్క ఉంటే అదీ పారేయి, ఆ బూజు విషం కోడిపిల్లల కార్జాన్ని తినేస్తుంది.

టీకాల సంగతి నువ్వు రాయలేదు కాబట్టి వేయించలేదనే అనుకుంటున్నాను. కొక్కెర తెగులుకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క వేస్తారు, నాలుగో వారం ప్రాంతంలో లసోటా అనే టీకా, ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి అనే టీకా సూది. నీ కోడిపిల్లల వయసుకు ఇప్పుడు ఆ సూదే. నలతగా ఉన్న కోడికి టీకా వేయరు కాబట్టి ఈ వారం గడవనివ్వు. ఆ మందు బతికున్న వైరస్‌తో చేసినది, ఐసు ఫ్లాస్కులోనే రావాలి, కలిపిన గంట రెండు గంటల్లో వాడేయాలి. సీసా ఒకటి విప్పితే మామూలుగా వంద కోళ్లకైనా వస్తుంది, నీకున్నవి పదకొండు. మీ వీధిలో కోళ్లున్న ఇళ్లవాళ్లకు ముందురోజే చెప్పి, ఆ పూట ఎవరూ గూళ్లు తెరవకుండా చూడు. ఒకసారి బయటికి వదిలాక వాటిని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ