ఆక్యుపేషనల్ థెరపీలో ఆడించడమే చికిత్సా?

నాలుగేళ్ళ మీ బాబు మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడనీ, పెరుగన్నం చేతికి అంటితే ఏడుస్తాడనీ, తల దువ్వనివ్వడనీ, రోజంతా సోఫా మీది నుంచి దూకుతూనే ఉంటాడనీ రాశారు. డాక్టరుగారు ఆక్యుపేషనల్ థెరపీకి, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదిచ్చే చికిత్సకు, పంపితే అక్కడ ఊయలలూ బంతులూ తప్ప ఏమీ కనిపించలేదనీ, ఇది నిజంగా మెదడు ఎదుగుదలకు పనికొస్తుందా అనీ అడిగారు. ఇంచుమించు ఇవే ఇబ్బందులున్న మా అమ్మాయిని కొన్నేళ్ళు థెరపీకి తిప్పిన తల్లిగా నాకు తెలిసినది చెబుతాను.

మనం లెక్కపెట్టే పంచేంద్రియాలతో పాటు, శరీరం ఎటు వాలుతోందో లోపలి చెవీ, కాళ్ళూచేతులూ ఎక్కడున్నాయో, ఎంత బలం పెడుతున్నాయో కండరాలూ కీళ్ళూ మెదడుకు నిరంతరం తెలియజేస్తూ ఉంటాయి. వీటన్నిటినీ మెదడు సరిగ్గా సమన్వయం చేసుకోలేనప్పుడు చదువులోనూ నడవడిలోనూ ఇబ్బందులు వస్తాయన్న సిద్ధాంతాన్ని అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏయర్స్ 1972లో పుస్తకరూపంలో వివరించారు. మీరు చూసిన ఊయలలు అక్కడి నుంచి వచ్చినవే. మా అమ్మాయిని బట్ట ఊయలలో బోర్లా పడుకోబెట్టి, నేల మీది రింగులను అందుకుని ఎదురుగా ఉన్న గుంజకు తొడగమనేవారు. మెడ ఎత్తి నిలపడం, ఊగుతూనే చూపు నిలపడం, చేయి గురి తప్పకపోవడం అన్నీ ఆ ఒక్క ఆటలోనే ఉన్నాయి. పిల్ల ముఖం కాస్త పాలిపోతే చాలు, థెరపిస్టు వెంటనే ఊపడం ఆపేసేవారు.

ఇక మెదడు సంగతి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో, ఇటువంటి థెరపీని సమగ్ర చికిత్సలో ఒక భాగంగా వాడుకోవచ్చు గానీ, దాని ఫలితాలపై పరిశోధన పరిమితంగానే ఉందని తల్లిదండ్రులకు చెప్పాలని సూచించింది. బ్రిటన్‌లో ఆటిజం ఉన్న పిల్లలపై జరిపి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలోనూ, మామూలుగా అందే సేవలకు మించిన ప్రయోజనం కనిపించలేదు. అందువల్ల కుడి మెదడునూ ఎడమ మెదడునూ కలుపుతామని చెప్పి, రంగుల లైట్ల గది చూపించి ప్యాకేజీలు అమ్మేవారికి డబ్బు పోయవద్దని నా సలహా.

అంతమాత్రాన థెరపీ దండగ అని నేననను. మూడు నెలల్లో బాబు ఏ పని చేయగలగాలో థెరపిస్టుతో ముందే రాయించుకోండి. మేము రాయించుకున్నవి తల దువ్వించుకోవడం, తన చేత్తో అన్నం కలుపుకుని తినడం, బడిలో ప్రార్థన అయ్యేదాకా వరుసలో నిలబడడం. మెల్లగా తాకితే ఉలిక్కిపడే పిల్ల, గట్టిగా అదిమితే ఊరుకునేది. కాబట్టి దువ్వెన పట్టే ముందు రెండు అరచేతులతో ఆమె తలను కాసేపు అదిమి, తరువాత పది అంకెలు లెక్కపెట్టేదాకా మాత్రమే దువ్వి ఆపేదాన్ని. ఎప్పుడు ఆగుతుందో తెలిసేసరికి పెనుగులాట తగ్గింది. తిండి విషయంలో బియ్యంలో దాచిన గవ్వలు వెతకడంతో మొదలుపెట్టి, చపాతీ పిండి పిసికించి, ఆ తరువాతే పప్పన్నానికి వచ్చాము. పెరుగన్నం ఇప్పటికీ చెంచాతోనే తింటుంది, మేమూ పట్టుబట్టలేదు. మిక్సీ వేసే ముందు బాబుకు చెప్పి, స్విచ్ వాడి చేతే వేయించి చూడండి. దూకుళ్ళకు మాకు సూచించిన మార్గం బరువు పనులు: నీళ్ళ సీసాలు మోయడం, ఉతికిన బట్టల బుట్టను గదిలోకి తోసుకెళ్ళడం వంటివి.

చెవులు మూసుకుంటున్నాడు కదా, వినికిడి బాగానే ఉందని అనుకోకుండా ఆ పరీక్ష కూడా చేయించండి. శబ్దాలకూ స్పర్శకూ అతిగా స్పందించడం ఆటిజం లక్షణాలలో ఒకటే గానీ, అలా స్పందించే పిల్లలందరికీ ఆటిజం ఉండదు. అది తేల్చవలసింది పిల్లల ఎదుగుదలను పరీక్షించే వైద్యులే.

ఖర్చు భారమైతే, హైదరాబాదులోనే ఉన్నామన్నారు కనుక మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో విచారించండి. జిల్లాలలో ఉండేవారికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద, పిల్లల ఎదుగుదల ఇబ్బందులకు తొలిదశలోనే సాయపడే డీఈఐసీ కేంద్రాలున్నాయి. ఎక్కడ చేర్పించినా, సెషన్ జరుగుతున్నప్పుడు మిమ్మల్ని లోపల కూర్చోనిస్తారా అని మొదటే అడగండి. ఇంట్లో చేయించవలసింది మీరే కాబట్టి, తలుపు మూసి పంపించే కేంద్రమైతే మరొకటి చూసుకోవడం మేలు.