వినైల్ క్లోరైడ్ కనబడిందంటే ల్యాబ్ తప్పు కాకపోవచ్చు

ఆటోనగర్‌లో పాత షెడ్డు పక్క బోరులో ఏడాదిలో ట్రైక్లోరోఎథిలీన్ (లోహాల మీది జిడ్డు కడిగే రసాయనం) బాగా తగ్గి, ముందు లేని వినైల్ క్లోరైడ్ వచ్చిందని, ల్యాబ్ పొరపాటా అని అడిగారు కదండీ. నాకైతే పొరపాటు అనిపించడం లేదు. గాలి అందని లోతులో కొన్ని బ్యాక్టీరియా, మనం ఆక్సిజన్ పీల్చినట్టు, ఈ ట్రైక్లోరోఎథిలీన్‌నే శ్వాసకు వాడుకుంటాయి. ఒక్కో క్లోరిన్ తీసేసి హైడ్రోజన్ పెడతాయి. ముందు డైక్లోరోఎథిలీన్, తర్వాత వినైల్ క్లోరైడ్, చివరికి హాని లేని ఎథిలీన్. ఆ ఆఖరి మెట్టు దాకా తీసుకెళ్లే వాటిలో ముఖ్యమైనది డీహాలోకాక్కాయిడీస్ అనే బ్యాక్టీరియా. అది లేకపోయినా, తిండి చాలకపోయినా పని మధ్యలోనే ఆగిపోతుంది.

టెన్షన్ పడాల్సింది అక్కడే. వినైల్ క్లోరైడ్ క్యాన్సర్ కారకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన పరిమితి లీటరుకు 0.3 మైక్రోగ్రాములే. దయచేసి ఆ నీళ్లు తాగకండి, స్నానానికీ వద్దు. కాచినా లాభం లేదు, ఆవిరై వంటింట్లోకే వస్తుంది.

బ్యాక్టీరియా పని ఎందాకా వచ్చిందో తెలియాలంటే ఈసారి ఎథిలీన్, మీథేన్, నైట్రేట్ కూడా పరీక్ష చేయించండి. కరిగిన ఆక్సిజన్ మాత్రం బోరు దగ్గరే మీటరుతో చూడాలి. 40 మి.లీ. గాజు సీసా అంచు మీద నీళ్లు ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి మూత బిగించండి. తలకిందులు చేసి వేలితో తట్టండి. చిన్న బుడగ కనబడినా మళ్లీ పట్టాల్సిందే.

బ్యాక్టీరియాకు తిండి అవుతుందని ఎవరో చెప్పారని బోరులో బెల్లం మడ్డి మాత్రం పోయకండి, పర్యవేక్షణ లేకుండా పోస్తే వినైల్ క్లోరైడే ఇంకా పేరుకోవచ్చు. ఎథిలీన్ అంకె రాగానే ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.