తీసేసిన ట్రోజన్ రీస్టార్ట్ చేయగానే మళ్ళీ వస్తోందంటే, దాన్ని తెచ్చిపెడుతున్నదేదో లోపలే ఉంది

విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ట్రోజన్ పట్టుకుంది, రిమూవ్ నొక్కాను, రీస్టార్ట్ చేస్తే మళ్ళీ అదే పేరు కనిపిస్తోంది, యాంటీవైరస్ పనిచేయట్లేదా, ఫార్మాట్ చేయాలా అని అడిగారు. సరిగ్గా ఇదే నాకు రెండేళ్ల క్రితం జరిగింది. మూడు రోజులు రిమూవ్ నొక్కుతూనే గడిపాను. యాంటీవైరస్ తన పని తాను చేస్తూనే ఉంది. కాకపోతే అది కోస్తున్నది పైన గడ్డిని, వేరు లోపలే ఉంది.

నాకెలా వచ్చిందో ముందు చెప్తాను, మీకూ ఏదైనా గుర్తు రావచ్చు. ఒక వీడియో ఎడిట్ చేయాల్సి వచ్చి, డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌కి క్రాక్ (కొనకుండా వాడుకునే దొంగ వెర్షన్) వెతికాను. జిప్ ఫైల్ దొరికింది, దానికి పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ పక్కనే టెక్స్ట్ ఫైల్లో రాసి ఉంది, దాని కిందే ‘ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపేయండి’ అని ఇంకో లైను. జిప్‌కి పాస్‌వర్డ్ పెట్టేది యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా ఉండటానికే అని అప్పుడు తట్టలేదు. చెప్పినట్టే ఆపేశాను, అడ్మిన్ పర్మిషన్ అడిగితే ఎస్ కూడా నొక్కాను. ఇన్‌స్టాల్ అయినట్టే కనిపించింది కానీ ప్రోగ్రాం తెరుచుకోలేదు. సరే, క్రాక్ పనిచేయలేదు అనుకుని డిలీట్ చేసి మర్చిపోయాను. నిజానికి అది బ్రహ్మాండంగా పనిచేసింది, నాకోసం కాదంతే.

ట్రోజన్ అంటేనే అది. వైరస్‌లా తనంతట తాను వేరే ఫైళ్ళలోకి పాకదు, మనం తలుపు తీస్తేనే లోపలికొస్తుంది. గ్రీకుల చెక్క గుర్రం పేరు పెట్టింది అందుకే. కాబట్టి ‘ఎలా వచ్చింది’ అని బుర్ర బద్దలు కొట్టుకునేకన్నా, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని తేదీ వరుసలో పెట్టి, మొదటి హెచ్చరికకు ముందు మీరు ఏం రన్ చేశారో చూడండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మీ స్క్రీన్ మీది హెచ్చరిక సంగతి. అందరూ ట్రోజన్ పేరు పట్టుకుని గూగుల్లో వెతుకుతారు. అలా వెతికితే వచ్చే పేజీల్లో చాలావరకు వాళ్ళ ‘రిమూవల్ టూల్’ అమ్ముకోవడానికి రాసినవే, వాటి జోలికి పోవద్దు. పేరు చివర ఆశ్చర్యార్థకం, దాని పక్కన ఎంఎల్ అని ఉంటే, అది మెషీన్ లెర్నింగ్ వేసిన అంచనా అని అర్థం. అలాంటిది ఒక్కోసారి పొరపాటు కూడా కావచ్చు. పేరుకన్నా ముఖ్యమైనది ఆ ఫైల్ దొరికిన చోటు. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి, ఆ హెచ్చరిక మీద నొక్కితే ఫోల్డర్ దారి మొత్తం కనిపిస్తుంది. నాది ప్రతిసారీ టెంప్ ఫోల్డర్లోనే (తాత్కాలిక ఫైళ్ళు పెట్టే చోటు) దొరికింది. అంటే లాగిన్ అయిన ప్రతిసారీ ఎవరో దాన్ని అక్కడ కొత్తగా పెడుతున్నారు.

ఆ ‘ఎవరో’ని పట్టుకోవడానికి నాకు పనికొచ్చినవి రెండు చోట్లు.

మొదటిది ఎక్స్‌క్లూజన్స్. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో మేనేజ్ సెట్టింగ్స్, కిందికి జరిగితే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది. ఇక్కడ రాసున్న ఫోల్డర్లను డిఫెండర్ తాకదు. నేను జన్మలో అక్కడ ఏమీ పెట్టలేదు, కానీ ప్రోగ్రామ్‌డేటాలో (ప్రోగ్రాంలు తమ సమాచారం దాచుకునే చోటు) ఒక ఫోల్డర్ పేరు కనిపించింది. అది చూసినప్పుడు గుండె ఝల్లుమంది. నేను ఎస్ నొక్కి ఇచ్చిన అడ్మిన్ పర్మిషన్‌తో, అది లోపలికి రాగానే తనకి తానే కాపలావాడి దగ్గర పాస్ రాయించుకుంది. మీరు పెట్టనిది అక్కడ ఏది ఉన్నా ఆ దారి ఒక కాగితం మీద రాసుకుని, తర్వాత తీసేయండి. ముందే తీసేస్తే వెతకాల్సిన చోటు మర్చిపోతారు.

రెండోది టాస్క్ షెడ్యూలర్, అంటే ఎప్పుడు ఏ ప్రోగ్రాం తనంతట తాను నడవాలో విండోస్‌కి చెప్పిపెట్టే చోటు. లాగిన్ అయిన వెంటనే ఒక నల్ల కిటికీ సెకనుపాటు మెరిసి పోవడం నాకు ముందునుంచీ కనిపిస్తూనే ఉంది, పట్టించుకోలేదు. టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీలో చూస్తే గ్రాఫిక్స్ అప్‌డేట్ లాంటి పెద్దమనిషి పేరుతో ఒక టాస్క్ ఉంది. పేరు చూసి నమ్మకండి, యాక్షన్స్ ట్యాబ్ చూడండి. నిజమైన డ్రైవర్ అప్‌డేట్ సాధారణంగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోంచో విండోస్ ఫోల్డర్లోంచో నడుస్తుంది. ఇది ఎక్స్‌క్లూజన్‌లో కనిపించిన ఆ ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్లోంచే నడుస్తోంది. మామూలుగా చూస్తే ఆ ఫోల్డర్ కనిపించదు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టాలి.

ఇదంతా చేత్తో వెతకడం కష్టం అనిపిస్తే మైక్రోసాఫ్ట్ వాళ్ళదే సిస్‌ఇంటర్నల్స్ అనే టూల్స్ సెట్‌లో ఆటోరన్స్ అనే ఉచిత టూల్ ఉంది. కంప్యూటర్ ఆన్ అయినప్పుడు, లాగిన్ అయినప్పుడు తనంతట తాను మొదలయ్యే ప్రతిదాన్నీ ఒకేచోట చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచేసే ఆప్షన్ పెట్టుకుంటే లిస్టు చాలా చిన్నదైపోతుంది. అనుమానం వచ్చినదాన్ని వెంటనే డిలీట్ చేయొద్దు, ముందు టిక్ తీసేసి చూడండి. పొరపాటైతే మళ్ళీ పెట్టుకోవచ్చు. అలాగే టాస్క్ మేనేజర్‌లో ఎస్‌విసిహోస్ట్ (విండోస్ తన సర్వీసుల్ని నడిపే ప్రోగ్రాం) పేర్లు డజన్లకొద్దీ కనిపించాయని కంగారుపడి ఆపేయకండి. అన్ని ఉండటం మామూలే. వాటిలో ఏదైనా విండోస్‌లోని సిస్టమ్32 కాకుండా యూజర్ ఫోల్డర్ల నుంచో టెంప్ నుంచో నడుస్తుంటే అప్పుడు అనుమానించాలి. రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ అంటే తెలిసిపోతుంది.

తీసేయడంలో వరుస ముఖ్యం. నేను మొదట ఫైల్ డిలీట్ చేయబోతే ‘వాడకంలో ఉంది’ అని ఒప్పుకోలేదు. అందుకని ముందు వైఫై ఆపేసి, టాస్క్ షెడ్యూలర్‌లో ఆ టాస్క్ తీసేసి, షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఇచ్చి సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవి మాత్రమే నడిచే విండోస్) వెళ్ళాను. (డిస్క్‌కి విండోస్ తాళమైన బిట్‌లాకర్ ఉంటే అక్కడ రికవరీ కీ అడగొచ్చు. ముందే ఫోన్లో తీసి పెట్టుకోండి, మధ్యలో ఇరుక్కుంటే ఇంకో టెన్షన్.) సేఫ్ మోడ్‌లో ఫోల్డర్ తీసేశాను. మామూలుగా మళ్ళీ లోపలికొచ్చి ఎక్స్‌క్లూజన్ తీసేశాను. ఆ తర్వాతే ఆఫ్‌లైన్ స్కాన్.

ఈ ఆఫ్‌లైన్ స్కాన్‌ని చాలామంది వాడరు, ఎందుకో తెలీదు. స్కాన్ ఆప్షన్స్‌లోనే ఉంటుంది. అది నొక్కితే కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా మొదలవకుండానే స్కాన్ చేస్తుంది, ఓ పదిహేను నిమిషాలు పడుతుంది. విండోసే నడవనప్పుడు ట్రోజన్ కూడా నడవదు, అడ్డుపడలేదు. మామూలు ఫుల్ స్కాన్ గంటలకొద్దీ చేసినా రాని ఫలితం నాకు దీంతో వచ్చింది, ఇంకో రెండు ఫైళ్ళు బయటపడ్డాయి.

రెండో అభిప్రాయం కోసం మాల్వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్‌తో గానీ, మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్‌తో గానీ ఒకసారి చూసుకోవచ్చు. సేఫ్టీ స్కానర్ డౌన్‌లోడ్ చేసిన పది రోజులే పనిచేస్తుంది, ఆపైన మళ్ళీ కొత్తది దించుకోవాలి. స్కాన్ నడుస్తుండగా ఇన్ని ఫైళ్ళకు ఇన్‌ఫెక్షన్ అని అంకె చూపించి, చివరికి ఏమీ లేదని చెప్పడం దానికి అలవాటు. చివర్లో చెప్పిందే లెక్క. ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా మాత్రం పెట్టుకోకండి, రెండూ కొట్టుకుని కంప్యూటర్‌ని నెమ్మది చేస్తాయి.

ఇంతా చేసి, గెలిచాననుకున్న నాలుగో రోజు నా మెయిల్‌లోకి వేరే ఎవరో వచ్చారు. ఓటీపీ రాలేదు, తప్పు పాస్‌వర్డ్ హెచ్చరికా రాలేదు. ఇప్పటి ట్రోజన్లలో చాలావాటికి కంప్యూటర్ నెమ్మదించడంతో పనిలేదు. రాగానే బ్రౌజర్లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లూ కుకీలూ కొన్ని నిమిషాల్లో ఊడ్చుకుపోతాయి. మనం లాగిన్ అయి ఉన్నామని సైటుకి చెప్పేది ఆ కుకీయే. అది వాళ్ళ చేతికి చిక్కితే పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. నేను చివర్లో చేసిన పని మీరు మొదటే చేయాలి: ఈ కంప్యూటర్ నుంచి కాకుండా ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చండి, మెయిల్‌తో మొదలుపెట్టి తర్వాత బ్యాంకు, ఆపైన మిగతావి. మార్చి ఊరుకోకుండా ప్రతి అకౌంట్‌లోనూ అన్ని డివైజుల నుంచి సైన్ అవుట్ చేయండి, అప్పుడే దొంగిలించిన కుకీ చెల్లకుండా పోతుంది. మెయిల్‌లో ఫిల్టర్లూ ఫార్వర్డింగ్ కూడా చూడండి. నా మెయిల్‌లో సెక్యూరిటీ హెచ్చరికలన్నీ నేరుగా ట్రాష్‌లోకి పోయేలా ఒక ఫిల్టర్ పెట్టి వెళ్ళారు. అందుకే నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇక ఫార్మాట్ మాట. పైవన్నీ చేశాక కూడా హెచ్చరిక మళ్ళీ వస్తే, లేదా మీరు ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేసేవారైతే, చేసేయండి. నేను చివరికి చేశాను. అంతా శుభ్రమైందని స్కాన్లు చెప్పినా నాకు నిద్ర పట్టలేదు. విండోస్ రీసెట్‌లో ‘నా ఫైళ్ళు ఉంచు’ అనేది నాకు నచ్చదు, ఉంచిన ఫైళ్ళలోనే ఆ ఇన్‌స్టాలర్ కూర్చుని ఉండొచ్చు. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం బయటికి తీసుకుని, ప్రోగ్రాంలూ జిప్‌లూ ఏవీ తీసుకోకుండా, అంతా తుడిచేయండి. ఇంకా మంచిది, శుభ్రంగా ఉన్న వేరే కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ తయారు చేసుకుని కొత్తగా వేసుకోవడం. డాక్యుమెంట్లు తీసుకునేముందు వ్యూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టండి. పీడీఎఫ్ అనుకున్నదాని చివర డాట్ ఈఎక్స్‌ఈ కనిపిస్తే అది డాక్యుమెంట్ కాదు, ప్రోగ్రాం. విండోస్ ఆ తోకని మామూలుగా దాచేస్తుంది.

ముందు ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌ల పని పూర్తిచేసి, ఆ తర్వాత ప్రొటెక్షన్ హిస్టరీలో దొరికిన చోటు ఏమిటో చూసి ఇక్కడ రాయండి. టెంప్ ఫోల్డర్ అయితే నా కథే, టాస్క్ షెడ్యూలర్ దగ్గర మొదలుపెట్టండి. అలా కాక డౌన్‌లోడ్స్‌లోని జిప్ ఒక్కటే ప్రతిసారీ పట్టుబడుతుంటే, బహుశా మీరు దాన్ని ఇంకా తెరవలేదు. ఆ జిప్ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి, హెచ్చరిక ఆగిపోవచ్చు.