కొత్త నగరంలో తక్కువ ఖర్చుతో బయట తినడం ఎలా? ఆకలి ధర ఎరుగదు

ఎవరూ తెలియని ఒక నగరానికి మొదటిసారి ఐదు రోజుల కోసం వెళ్తున్నానని, వంట చేసుకునే వీలు లేని గదిలో బస అని, చేతిలో ఉన్న డబ్బులో సగం తిండికే పోకుండా మూడు పూటలా బయట ఎలా తినాలో చెప్పమని మీరు అడిగారు. ఉద్యోగరీత్యా పదేళ్లుగా నెలకో రెండు నెలలకో ఒక కొత్త ఊరికి వెళ్తూ, సంస్థ ఇచ్చే రోజువారీ బత్తాలోనే తిని అందులో కొంత మిగుల్చుకోవలసి వచ్చినవాడిని కాబట్టి, నాకు తెలిసినది రాస్తున్నాను.

తక్కువ ధరకు పెట్టే హోటలు ఎక్కడుందో తెలియక పోయే డబ్బు కన్నా, ఆకలి వేసిన తరువాత హోటలు వెతకడం వల్ల పోయే డబ్బు ఎక్కువ. ఆకలి రుచి ఎరుగదని మనవాళ్లు అంటారు. అది ధరను కూడా ఎరుగదు. కింద నేను చెప్పబోయేవన్నీ ఏదో ఒక రకంగా ఈ విషయం చుట్టూనే తిరుగుతాయి.

నాకు దీన్ని నేర్పినది ఒక బిల్లు. మొదట్లో ఒకసారి, ఉదయం తినకపోతే ఒక పూట ఖర్చు మిగులుతుందన్న తెలివితక్కువ లెక్కతో ఖాళీ కడుపుతో ఒక పాత కోట చూడటానికి బయలుదేరాను. లోపలంతా తిరిగి బయటపడేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. కాళ్లు లాగుతున్నాయి, ఎండ మండిపోతోంది, కోట ద్వారానికి ఎదురుగానే ఒక హోటలు కనిపించింది. గుమ్మంలో ఒక మనిషి నిలబడి దారిన పోయేవారిని లోపలికి పిలుస్తున్నాడు. మెనూ నాలుగైదు భాషల్లో, ప్రతి వంటకానికీ ఒక రంగుల ఫొటోతో ఉంది. ఇంకో వీధి చూసే ఓపిక లేక కూర్చుండిపోయాను. తిన్న తరువాత వచ్చిన బిల్లు నాకు ఇప్పటికీ వరుసలతో సహా గుర్తుంది. నేను మెనూలో చూసి లెక్క వేసుకున్న ధర వంద గ్రాములకట. ఆ మాట వంటకం పేరు కింద సన్నటి అక్షరాల్లో ఉంది, నా పళ్లెంలోకి వచ్చినది రెండు వందల యాభై గ్రాములు. ఆ కింది వరుసలో, నేను అడగకుండానే తెచ్చి, మూత తీసి మరీ బల్ల మీద పెట్టిన నీళ్ల సీసా. ఆ తరువాత, మర్యాదకు పెట్టారనుకుని నేను నమిలేసిన చిరుతిండి గిన్నె. చివరగా సర్వీస్ ఛార్జి, పన్ను. మొత్తం కలిపితే నేను అనుకున్నదానికి మూడు రెట్లు దాటింది. పోట్లాడటానికి కూడా ఏమీ లేదు, ప్రతి వరుసకూ వారి దగ్గర సమాధానం ఉంది. ఆ రాత్రి, మరుసటి ఉదయం బ్రెడ్డు, అరటిపండ్లతో సరిపెట్టుకున్నాను.

అప్పటి నుంచి ఆర్డరు చెప్పే ముందే కొన్ని విషయాలు అడగడం అలవాటు చేసుకున్నాను. మెనూలో ఉన్న ధరలో పన్ను కలిసి ఉందా, విడిగా వేస్తారా. సర్వీస్ ఛార్జి ఉందా. ఈ ధర పళ్లేనికా, బరువుకా. మామూలు తాగునీళ్లు ఇస్తారా, సీసా కొనాలా. ధర రాయకుండా ‘ఈ రోజు ధర’ అని ఊరుకున్న వంటకాన్ని ధర నోటితో చెప్పించుకున్న తరువాతే తెప్పించుకుంటాను. అడగనిది ఏదైనా బల్ల మీదికి వస్తే, ముట్టుకోక ముందే దీనికి డబ్బులున్నాయా అని సప్లయర్‌ను అడుగుతాను. ఇలా అడగడానికి మొదట్లో చాలా మొహమాటంగా ఉండేది. అయితే నిజాయితీగా నడిచే చోట ఈ ప్రశ్నలకు ఎవరూ ముఖం చిట్లించరు. ముఖం చిట్లించిన చోటి నుంచి ఇంకా ఏమీ తినకుండానే లేచి వచ్చేయవచ్చు, నేను రెండు మూడు సార్లు అలాగే వచ్చేశాను.

చూడదగ్గ స్థలాల ఎదుట ఉన్న హోటళ్లలో ధర ఎందుకు ఎక్కువో ఆలోచిస్తే, ఎక్కడ తినాలో కూడా దానంతట అదే తెలుస్తుంది. అక్కడ అద్దె ఎక్కువ, వచ్చేవారిలో చాలామంది మళ్లీ జన్మలో ఆ మెట్లు ఎక్కరు. మళ్లీ రాని మనిషికి రుచిగా పెట్టినా, పెట్టకపోయినా యజమానికి పెద్ద తేడా ఉండదు. రోజూ వచ్చే గుమాస్తాలు, నర్సులు, విద్యార్థులు, డ్రైవర్లు తినే చోట ఈ లెక్క తిరగబడుతుంది. ధర కాస్త పెంచినా, రుచి కాస్త తగ్గినా వారు మరునాడు పక్క హోటలుకు వెళ్లిపోతారు. అందువల్ల నేను ఏ ఊరు వెళ్లినా మ్యాపులో ముందుగా వెతికేది హోటళ్లను కాదు, పెద్ద ఆసుపత్రినీ, కోర్టునీ, కళాశాలనీ, ఆఫీసులు గుంపుగా ఉన్న పేటనీ. వాటి వెనుక వీధుల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడ బల్లలు ఖాళీ లేవో చూసుకుంటే చాలు. కొన్ని సంస్థల క్యాంటీన్లలోకి బయటివారిని కూడా రానిస్తారు. గేటు దగ్గర అడిగితే చెబుతారు. చూడదగ్గ స్థలంలోనే ఆకలి వేసిన రోజున కూడా, పెద్ద రోడ్డు వదిలి రెండు మలుపులు తిరిగి పది నిమిషాలు నడిస్తే చాలాసార్లు బిల్లులో స్పష్టమైన తేడా కనిపించింది. అయితే ఆ పది నిమిషాలు నడిచే ఓపిక మిగలాలంటే ఆకలి ముదరకూడదు. నేను చేతిసంచిలో ఎప్పుడూ ఒక పండు, ఒక బిస్కట్ల పొట్లం, నింపుకున్న నీళ్ల సీసా పెట్టుకునేది అందుకే. అవి భోజనానికి బదులు కాదు, భోజనం ఎక్కడ చేయాలో నింపాదిగా తేల్చుకునే గడువు కోసం.

స్థానికులను అడగమని అందరూ చెబుతారు, కానీ అడిగే తీరులో తేడా ఉంది. ‘ఇక్కడ మంచి హోటలు ఏది?’ అని అడిగితే, ఊరి పరువు నిలబెట్టాలన్న ఉద్దేశంతో ఊళ్లోకెల్లా పేరున్నదీ, ఖరీదైనదీ చెబుతారు. ‘మీరు నిన్న మధ్యాహ్నం ఎక్కడ తిన్నారు?’ అని అడిగితే నిజమైన సమాధానం వస్తుంది. ఈ ప్రశ్నకు బస చేసిన చోట గదులు శుభ్రం చేసేవారు, వాచ్‌మన్, బస్సు కండక్టరు చెప్పిన జవాబులు నాకు ఎక్కువగా పనికివచ్చాయి. రిసెప్షన్‌లో చెప్పేది వినండి కానీ, కొన్నిచోట్ల మనుషులను పంపినందుకు హోటళ్ల నుంచి కమీషన్ ముడుతుందని గుర్తుంచుకోండి.

మ్యాపులో వచ్చే రేటింగుల విషయానికి వస్తే, నక్షత్రాల కంటే వాటిని ఇచ్చినవారి సంఖ్యను చూస్తాను. ముప్పై మంది ఇచ్చిన 4.8 కన్నా మూడు వేల మంది ఇచ్చిన 4.2ను ఎక్కువ నమ్మవచ్చు. అభిప్రాయాలను కొత్తవి ముందు వచ్చేలా అమర్చుకుని, తినడానికి వెళ్లినవారు పెట్టిన ఫొటోల్లో మెనూ కార్డు, వీలైతే బిల్లు కనిపిస్తాయేమో వెతకాలి. హోటలువారు పెట్టిన ఫొటోలతో మనకు పని లేదు. ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు వెతుక్కోవడానికి బాగా పనికివస్తాయి. తెప్పించుకోవడానికి మాత్రం ప్యాకింగు, డెలివరీ ఛార్జీలు కలిపి చూసుకోండి, చాలా చోట్ల యాప్‌లో ధర కౌంటరు దగ్గరి ధర కంటే ఎక్కువే ఉంటుంది.

ఇక వేళల సంగతి. రోజులో పెద్ద భోజనాన్ని రాత్రి నుంచి మధ్యాహ్నానికి మార్చుకోవడం ఒక్కటే నాకు అన్నిటికంటే ఎక్కువ మిగిల్చింది. మధ్యాహ్నం ఆఫీసుల నుంచి వచ్చేవారు త్వరగా తిని వెళ్లిపోతారు, ఒకే బల్ల మీద మూడు నాలుగు విడతలు వడ్డించవచ్చు, ఒకే రకం భోజనాన్ని పెద్ద మొత్తంలో వండవచ్చు; అందుకే రాత్రి విడివిడిగా తెప్పించుకుంటే ఖరీదయ్యే వంటలనే మధ్యాహ్నం ఒక సెట్టుగా తక్కువ ధరకు పెట్టే హోటళ్లు చాలా ఉంటాయి. రాత్రికి తేలికగా ఏదైనా పార్సిల్ తెచ్చుకున్నా, దుకాణం మూసే ముందు సూపర్ మార్కెట్లు ఆ రోజే అమ్ముడుపోవలసిన పదార్థాల ధర తగ్గిస్తే వాటితో సరిపెట్టుకున్నా లోటు అనిపించదు. అయితే హోటలు మూసే వేళ వేరు, వంటగది మూసే వేళ వేరు. చివరి ఆర్డరు ఎప్పటివరకు తీసుకుంటారో, వారంలో ఏ రోజు సెలవో ముందే తెలుసుకోండి. ఉదయం తినడం మాత్రం మానకండి. బసలో ఉదయపు ఫలహారం గది అద్దెలో కలిసి ఉంటే కడుపునిండా తినండి. విడిగా డబ్బు అడిగితే బయట అదే పూటకు ఎంతవుతుందో చూసి తేల్చుకోండి.

చవకగా తిని జబ్బుపడితే మిగిలినదంతా మందులకే పోతుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వెలువరించిన సురక్షిత ఆహార సూత్రాల ప్రకారం వండిన పదార్థం వడ్డించే వరకు 60 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ వేడిలో ఉండాలి, చల్లగా ఉంచవలసినది 5 డిగ్రీల లోపు ఉండాలి, వండినదేదీ గది ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉండకూడదు. మనం థర్మామీటరు పట్టుకుని తిరగలేము కాబట్టి నా లెక్క ఇది: కళ్ల ముందు వండి పొగలు వస్తుండగా ఇచ్చే బండి, మూత కింద చల్లారిపోయిన పదార్థాలు వరుసగా పెట్టిన ఏసీ హోటలు కన్నా మేలు. జనం ఎక్కువగా ఉన్న బండి దగ్గర సరుకు నిలవ ఉండదు. డబ్బులు తీసుకునే చేతితోనే పదార్థం వడ్డిస్తున్నారా, పళ్లేలు కడిగే నీళ్లు ఎలా ఉన్నాయి అన్నవి ఒక నిమిషం నిలబడితే కనిపిస్తాయి. కోసి పెట్టిన పండ్లు, ఏ నీళ్లతో చేశారో తెలియని ఐసు జోలికి వెళ్లను. మధ్యాహ్నం మూడున్నరకు బఫేలో ధర తగ్గించారని సంబరపడి ఒకసారి వెళ్లి, ఆ రాత్రంతా నిద్ర లేకుండా గడిపాను. దాని గురించి ఇంతకంటే వివరం అవసరం లేదు.

డబ్బును పూటలవారీగా కాక రోజువారీగా విడదీసుకోండి. నేను మొత్తం తిండి ఖర్చులో ఐదో వంతు ముందే పక్కన పెట్టేస్తాను. మిగిలినదాన్ని రోజులతో భాగించి, ఆ రోజు మిగిలింది మరునాటికి కలుపుకుంటాను. పక్కన పెట్టినది ఆ ఊరికి పేరు తెచ్చిన వంటకాన్ని, దానికి పేరున్న చోటనే ఒక్కసారి కూర్చుని తినడానికి. అది కూడా మధ్యాహ్నమే, మూడో రోజో నాలుగో రోజో, ఊరు కాస్త అలవాటైన తరువాత. ఇద్దరు వెళ్తే ఒక వంటకం తక్కువ చెప్పి, చాలకపోతే మళ్లీ తెప్పించుకోండి. పళ్లెం ఎంత పెద్దదో కొత్త ఊళ్లో మనకు ముందుగా తెలియదు. వెళ్లేది వేరే దేశమైతే, కార్డు మిషన్ మీ దేశపు డబ్బులో చెల్లిస్తారా, అక్కడి డబ్బులోనా అని అడిగినప్పుడు అక్కడి డబ్బునే ఎంచుకోండి. మన దేశపు డబ్బులో చెల్లిస్తే మారకం ధర ఆ మిషన్ నడిపేవారు నిర్ణయించినది, సాధారణంగా మనకు నష్టమే.

ఇక చివరి రోజు తిండి గురించి. విమానాశ్రయంలోనూ, పెద్ద స్టేషన్లలోనూ బయటి కన్నా ధర ఎక్కువ కాబట్టి, నేను గది ఖాళీ చేసే ముందే, అప్పటికి రెండు మూడు సార్లు తిని నమ్మకం కుదిరిన హోటలులో పార్సిల్ కట్టించుకుంటాను. రెండు గంటల్లోపు తినేస్తానంటే ఏదైనా సరే. అంతకంటే ఆలస్యమయ్యేట్టయితే తడి లేని పదార్థాలు, తొక్క ఒలుచుకు తినే పండ్లు మాత్రమే తీసుకెళ్తాను. నీళ్ల సీసాను మాత్రం భద్రతా తనిఖీ దాటే వరకు ఖాళీగా ఉంచి, లోపల నింపుకుంటాను.