డాక్టరు దగ్గర "బాగానే ఉందండీ" అనకు

చిన్నీ,

రెండో కీమోకి విశాఖపట్నం ఒక్కదానివే వెళ్తానన్నావట, ఐదో రోజుకల్లా స్కూల్లో పాఠం చెప్తానన్నావట. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో ఏడుపు. నాకేమో ముందు నవ్వొచ్చింది, ఆ మొండితనం ఎవరి పోలికో నాకు తెలుసు కదా. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

నాకెక్కించిన ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందే నీకూ అట. అది ఎక్కించాక నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం, చల్లనిది ఏది ముట్టుకున్నా వేళ్లలో సూదులు దిగినట్టుంటుంది. ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ తమ్ముణ్ణి తియ్యమను. గోరువెచ్చని నీళ్లే తాగు. రైల్లో ఏసీ వద్దు. గ్లౌజులు, మేజోళ్లు, పొద్దున్నే బయటికొస్తే ముక్కూ నోరూ కప్పేలా మఫ్లరు. నేను మొదటిసారి మర్చిపోయి కుండలో నీళ్లు తాగితే గొంతు పట్టేసి ఊపిరాడనట్టయింది, చచ్చిపోతున్నానని మీ పెదనాన్న చెయ్యి రక్కేశాను. వెచ్చని నీళ్లు గుక్కగుక్కగా తాగితే కాసేపటికి సర్దుకుంది. దద్దుర్లు, వాపు, నిజంగా ఆయాసం వస్తే మాత్రం ఆసుపత్రికే పరుగెత్తు.

ఇవన్నీ నర్సమ్మ చెప్పే ఉంటుంది. నేను కాగితం తీసింది ఇంకోదానికి.

నాకు 15 రోజులకొకసారి, మొత్తం 12 సార్లన్నారు. ఐదారు అయ్యేసరికి వేళ్ల చివర్ల తిమ్మిరి మళ్లీ కీమో వచ్చేదాకా పోవడం మానేసింది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేను, పూలు కట్టలేను, బియ్యంలో రాయి వేలికి తెలీదు. డాక్టరుగారు ప్రతిసారీ అడిగేవారు, "తిమ్మిర్లున్నాయామ్మా?" అని. నేను ప్రతిసారీ "బాగానే ఉందండీ". చెబితే మందు తగ్గిస్తారు, తగ్గిస్తే జబ్బు తిరగబెడుతుంది, అదీ నా భయం. పక్క మంచం ఆవిడ ఆ మాట అంది, నేను పట్టుకున్నాను. హుక్కులు పట్టలేక రోజంతా నైటీలోనే ఉంటే మీ పెదనాన్న నీరసమనుకున్నారు. నరాలు దెబ్బతింటుంటే ఆ ఒక్క మందు మోతాదు తగ్గించడమో, దాన్ని ఆపి మిగతావి నడిపించడమో మామూలేనని నాకు ఎప్పుడు తెలిసింది? అన్నీ అయిపోయాక.

అంతటితో తగ్గుతుందనుకున్నానా, ఆగాక రెండు మూడు నెలలు ఇంకా ముదిరింది. ఈ మందు తీరే అంత. ఆ ఎండాకాలమే మొక్కు తీర్చుకుందామని ఒక ఆదివారం అరసవల్లి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, చెప్పుల్లేని కాళ్లు. అందరూ కాళ్లు ఎత్తెత్తి వేస్తుంటే నేను నింపాదిగా నడిచాను, సూర్యనారాయణమూర్తి నా మీద దయ చూపించాడని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను, పిచ్చిదాన్ని. ఇంటికొచ్చి చూస్తే రెండు అరికాళ్లూ బొబ్బలు. ఏడాదంతా చలికి భయపడ్డాను, కాలితే తెలీలేదు. నెలన్నర పట్టింది మానడానికి.

అందుకే స్నానం నీళ్లు మోచేత్తో చూసుకో, ఇంట్లోనూ చెప్పులు వెయ్యి, రాత్రి అరికాళ్లు అద్దంలో చూడు. తిమ్మిరికి మంచిదని ఎవరో బి6 మాత్రలిస్తే మింగెయ్యకే, మోతాదు మించితే అవే నరాల్ని పాడుచేస్తాయి. నాకు నరాల మంటకి చివరికి డ్యులాక్సెటిన్ మాత్రలు రాశారు. మందుల షాపు కుర్రాడు అది దిగులుకి కూడా వాడతారంటే, నన్ను పిచ్చిదాని కింద కట్టారని వారం రోజులు విప్పలేదు. తీరా వేసుకుంటే మంట తగ్గింది. తిమ్మిరి పోలేదు, ఎడమకాలి బొటనవేలు ఇప్పటికీ నాది కాదు.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. బొత్తాం పట్టిందా, సుద్దముక్క జారిందా, తిమ్మిరి ఎన్నాళ్లుంది, అంతే రాయి. నోటితో చెప్పలేకపోతే పుస్తకం డాక్టరుగారి చేతిలో పెట్టెయ్.

ఒక్కదానివే వెళ్తానన్నావు, సరే వెళ్లు. ఆమదాలవలసలో రైలెక్కి ఏ పెట్టెలో ఉన్నావో ఫోన్ చెయ్యి. నేను విజయనగరంలో ఎక్కుతాను, నాకూ విశాఖలో పనుంది. ఏం పనని అడగకు. ఫ్లాస్కులో వేడినీళ్లు నేను తెస్తాను, నువ్వు స్టీలు గ్లాసు తేకు.

పెద్దమ్మ