డబుల్ మార్కర్‌లో ‘హై రిస్క్’ వచ్చింది.. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టేనా?

ప్రశ్న: నా వయసు 29. మాది విశాఖపట్నం, గాజువాక. మొదటిసారి గర్భం, ఇప్పుడు 13వ వారం. ఎన్‌టీ స్కాన్‌లో (బిడ్డ మెడ వెనక నీటిపొర మందం చూసేది) 1.5 మిల్లీమీటర్లు వచ్చింది, బాగానే ఉందన్నారు. డబుల్ మార్కర్ రక్తపరీక్షలో మాత్రం డౌన్ సిండ్రోమ్‌కు (పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉండే స్థితి) ‘హై రిస్క్ 1:180’ అని వచ్చింది. మాది మేనరికం, అందుకే ఇలా వచ్చిందని ఇంట్లో అంటున్నారు. ఉమ్మనీరు పరీక్ష చేయిస్తే గర్భం పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ 1:180 సంగతి చూద్దాం. ఇదే రిపోర్టు 180 మంది గర్భిణులకు వస్తే, వారిలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు, మిగతా 179 మందికి ఉండదు అని దాని అర్థం. చాలా ల్యాబ్‌లు రిస్క్ 1:250 కంటే ఎక్కువైతే, అంటే 250 కంటే తక్కువ మందిలోనే ఒకరికి వచ్చేలా ఉంటే, ‘హై రిస్క్’ అని రాస్తాయి. ఆ మాట చూడగానే జబ్బు ఖాయమైపోయిందనుకుని ఏడుస్తూ వచ్చేవాళ్లు ఎంతమందో. ఇంకో పరీక్ష ఎవరికి అవసరమో చెప్పడం వరకే దీని పని.

ఇవాళే రిపోర్టు పైభాగం చూడండి. మీ పుట్టిన తేదీ, బరువు, స్కాన్‌లో కొలిచిన బిడ్డ పొడవు (సీఆర్‌ఎల్), రక్తం ఇచ్చిన తేదీ సరిగ్గా ఉన్నాయా? గర్భం వయసు వారం అటూ ఇటూ అయినా, బరువు తప్పు పడినా లెక్క మారిపోతుంది. ఆ 1:180లో ఎన్‌టీ కొలత కలిపారా, రక్తం ఒక్కదానితోనే ఇచ్చారా అన్నదీ అడగండి. కలపకపోయి ఉంటే, కలిపాక రిస్క్ తగ్గొచ్చు.

అప్పటికీ హై రిస్కే అయితే, మీ ఎన్‌టీ బాగుంది కాబట్టి నేనైతే ముందు ఎన్‌ఐపీటీ (తల్లి రక్తంలో కలిసే గర్భం తాలూకు డీఎన్‌ఏను చూసే పరీక్ష) చేయించమంటాను. మీ చేతి నుంచి తీసిన రక్తం చాలు, బిడ్డకు ఏ ప్రమాదమూ లేదు. డౌన్ సిండ్రోమ్ ఉంటే నూటికి 99 సార్లు పట్టేస్తుంది. ఖర్చు మాత్రం వేలల్లోనే. ‘లో రిస్క్’ వస్తే 18-20 వారాల్లో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే స్కాన్) చేయించుకుంటే సరిపోతుంది. ‘హై రిస్క్’ వస్తే మాత్రం ఆ కాగితం చూసి గర్భం తీయించుకోవద్దు. ఆ పరీక్షకు దొరికే డీఎన్‌ఏ మాయ నుంచి వచ్చేది. అరుదుగానైనా బిడ్డలో లేని తేడా మాయలో ఉండొచ్చు. 16 వారాలు నిండాక ఉమ్మనీరు పరీక్షతో నిర్ధారించుకోవాలి. స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదితో కాస్త నీరు తీస్తారు. అనుభవం ఉన్న డాక్టర్ చేస్తే దీనివల్ల గర్భం పోయే ప్రమాదం 200 మందిలో ఒకరి కంటే తక్కువే. చేయించుకోవాలా వద్దా అన్నది మీ దంపతుల ఇష్టం, కానీ నాన్చొద్దు. చట్టప్రకారం 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే మెడికల్ బోర్డు దాకా వెళ్లాలి.

ఇక మేనరికం. డౌన్ సిండ్రోమ్ ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడు 21వ క్రోమోజోమ్ ఒకటి అదనంగా చేరడం వల్ల వస్తుంది. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. ఈ ముక్క మీ ఇంట్లో చదివి వినిపించండి. మేనరికంలో భయపడాల్సినవి తలసీమియా, సికిల్ సెల్ లాంటి వంశపారంపర్య రక్త జబ్బులు. మన పాడేరు, అరకు వైపు సికిల్ సెల్ కేసులు చూస్తూనే ఉంటాం. భార్యాభర్తలిద్దరిలో ఆ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. డబుల్ మార్కర్ వీటిని చూడదు, మామూలు ఎన్‌ఐపీటీ కూడా చూడదు. అందుకని మీరు, మీవారు ఇద్దరూ ఈ వారంలోనే సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హీమోగ్లోబిన్ రకాలు చూసే రక్తపరీక్ష) చేయించుకోండి. రెండు వైపులా చిన్నతనంలోనే చనిపోయిన పిల్లలు, పుట్టుచెవుడు, ఎదుగుదల లోపం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు మీకు ఏమవుతారో రాసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

- గైనకాలజిస్ట్, విశాఖపట్నం